కాగితం మూస, సీసం పలక



మీలో చాలామంది ఇప్పుడు పేపరు చదువుతున్నారు. మొదట పెద్ద అక్షరాలు కూడబలుక్కున్నారు. తరువాత చిన్న అక్షరాలకు వచ్చారు. నిన్న మొన్నటి దాకా పేపరు అంటే పొట్లం కట్టుకునే కాగితం. ఇప్పుడు అది మీతో మాట్లాడుతోంది. చాలా సంతోషం.

చదవడం నేర్చుకున్నాం సరే. ఆ పేపరు మన చేతికి ఎట్లా వచ్చిందో కూడా తెలుసుకుందాం. ఈ రోజుల్లో పేపరును కంప్యూటరు మీద తయారు చేస్తున్నారు. కాని అంతకుముందు, నూరేళ్ళకు పైగా, ప్రపంచంలో పెద్ద పెద్ద పత్రికలన్నీ ఒక కాగితం మూస మీద ఆధారపడ్డాయి. ఆ మూస కథే ఈరోజు చెప్పబోతున్నాను. ఇందులో మన వంటింటికి తెలిసిన విద్య ఉంది. పనివాళ్ళ కష్టం ఉంది. ఆడవాళ్ళ సంగతి కూడా ఉంది. వినండి.

మనకు తెలిసిన విద్యే

మన పెద్దవాళ్ళు చేటలకు, బుట్టలకు పూత ఎట్లా వేసేవారు? పాత కాగితాలు నానబెట్టేవారు. మెంతులు నానబెట్టేవారు. రెండూ కలిపి మెత్తగా రుబ్బేవారు. ఆ గుజ్జును చేటకు మెత్తేవారు. ఎండలో పెడితే చెక్కలాగా గట్టిపడేది. తడిగా ఉన్నప్పుడు కాగితం ఎట్లా అంటే అట్లా వంగుతుంది. ఆరిన తరువాత ఏ రూపం ఇచ్చామో ఆ రూపంలోనే నిలిచిపోతుంది. ఈ సంగతి మనకు ఎప్పటినుంచో తెలుసు.

అచ్చు అంటే కూడా మనకు తెలుసు. బెల్లం పాకాన్ని అచ్చులో పోస్తే అచ్చు బెల్లం వస్తుంది. మట్టిని అచ్చులో కొడితే ఇటుక వస్తుంది. అచ్చు ఒకటే. ఇటుకలు వందలు, వేలు.

ఈ రెండు విద్యలు కలిపితే కాగితం మూస అవుతుంది. దాన్ని ఇంగ్లీషువాళ్ళు ఫ్లాంగ్ అన్నారు. ఆ మాట ఫ్రెంచి భాషలోని ఫ్లాన్ అనే మాట నుంచి వచ్చింది. ఫ్లాన్ అంటే అక్కడ ఒక తీపి తినుబండారం పేరు కూడా. పొరలు పొరలుగా, మెత్తగా ఉండే మూసకు తిండి పేరే పెట్టారు చూడండి.

అక్షరం తిరగబడి ఉంటుంది

పంచాయతీ ఆఫీసులో రబ్బరు స్టాంపు చూశారు కదా. ఈసారి దాన్ని తిప్పి, అడుగు భాగం చూడండి. అక్షరాలు తిరగబడి ఉంటాయి. అద్దంలో చూసినట్టు ఉంటాయి. కాగితం మీద వేస్తే సరిగ్గా పడతాయి.

పాతకాలం అచ్చు కూడా అంతే. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క చిన్న సీసపు ముక్క ఉండేది. దాని కొన మీద అక్షరం ఉబ్బుగా, తిరగబడి ఉండేది. గళ్ళ పెట్టెలో ఈ ముక్కలు ఉండేవి. పనివాడు ఒక్కొక్కటే ఏరి, వరుసలో పేర్చేవాడు. ఇంగ్లీషుకు 26 అక్షరాలు. మన తెలుగుకు గుణింతాలు, ఒత్తులు కూడా ఉన్నాయి. అందుకని మనకు గళ్ళు ఇంకా ఎక్కువ కావాలి. గుణింతం నేర్చుకోవడానికి మీరు ఎంత కష్టపడ్డారో మీకు తెలుసు. ఆ గుణింతాన్ని తిరగేసి చదువుతూ, చేత్తో పేర్చినవాళ్ళ కష్టం మీరే ఊహించండి.

పేజీ అంతా పేర్చాక, ముక్కలు కదలకుండా ఇనుప చట్రంలో బిగించేవారు. దాని మీద సిరా పూసి, కాగితం పెట్టి నొక్కేవారు. ఒక కాగితం తరువాత ఇంకో కాగితం.

చిక్కు ఎక్కడ వచ్చింది

చేత్తో నొక్కే యంత్రం మీద గంటకు రెండు వందల కాగితాలు, మహా అయితే రెండు వందల యాభై అచ్చయ్యేవి. చదువుకున్నవాళ్ళు కొద్దిమందే ఉన్నప్పుడు అది చాలింది. చదువు పెరిగింది. పేపరు అడిగేవాళ్ళు పెరిగారు. 1814 నవంబరు 29న లండన్‌లో టైమ్స్ పత్రికను ఆవిరి యంత్రం మీద అచ్చు వేశారు. గంటకు 1,100 కాగితాలు వచ్చాయి. కొన్నాళ్ళకు అదీ చాలలేదు.

అప్పుడు కొత్త ఆలోచన వచ్చింది. చదునైన పలక మీద నొక్కి ఎత్తడం ఆలస్యం. అదే గుండ్రటి దిమ్మ అయితే ఆగకుండా తిరుగుతుంది. చపాతీ కర్ర దొర్లినట్టు దొర్లుతుంది. కాగితం చుట్టలు చుట్టలుగా దాని కిందనుంచి పోతుంది.

ఆలోచన బాగుంది. కాని గుండ్రటి దిమ్మ మీద వేల సీసపు ముక్కలు ఎట్లా నిలుస్తాయి? దిమ్మ వేగంగా తిరిగితే ముక్కలు ఊడి చెల్లాచెదురు అవుతాయి. ముక్కలను దిమ్మకు బిగించి కొందరు నడిపారు. అది పెద్ద తంటా. పేజీ మొత్తాన్ని ఒకే పలకగా, అదీ వంపు తిరిగిన పలకగా పోతపోస్తే తప్ప పని సులువు కాదు. అట్లా పోయాలంటే వంగే మూస కావాలి.

విలియం జెడ్, అతని కూతురు

పేజీని మొత్తంగా పోతపోయాలన్న ఆలోచన అప్పటికే పాతది. స్కాట్లండ్ దేశంలో ఎడింబరో అనే పట్నం ఉంది. అక్కడ విలియం జెడ్ అనే కంసాలి ఉండేవాడు. 1725లో ఆయన ఈ పని మొదలుపెట్టాడు. పేర్చిన అక్షరాల మీద మెత్తటి సున్నపు ముద్ద పోసి మూస తీశాడు. అందులో కరిగిన లోహం పోసి పలక చేశాడు.

ఇది లాభమైన పనే. పలక ఉంటే మళ్ళీ ఎప్పుడు కావాలన్నా పుస్తకం అచ్చు వేసుకోవచ్చు. అక్షరాలు మళ్ళీ పేర్చక్కరలేదు. కాని అక్షరాలు పేర్చేవాళ్ళకు భయం పట్టుకుంది. "మళ్ళీ పేర్చే పనే లేకపోతే మా కూలి ఏమవుతుంది?" అనుకున్నారు. జెడ్ కేంబ్రిడ్జిలో మత గ్రంథాలు అచ్చు వేసే ఒప్పందం తీసుకున్నాడు. అక్కడ పనివాళ్ళు కావాలనే తప్పులు పెట్టారనీ, పలకలు పాడుచేశారనీ చెబుతారు. ఆయన పని చెడిపోయింది. ఇంటికి తిరిగి వచ్చాడు. 1739లో, స్నేహితుల సాయంతో, సాలస్ట్ అనే రోమన్ చరిత్రకారుని పుస్తకాన్ని పలకల మీద అచ్చు వేసి చూపించాడు. 1749లో చనిపోయాడు.

జెడ్ పడిన కష్టం లోకానికి ఎట్లా తెలిసింది? ఆయన చనిపోకముందు కొంత చెప్పి రాయించాడు. మిగిలింది ఆయన కూతురు రాసింది. రెండూ కలిపి 1781లో పుస్తకంగా వచ్చాయి. ఆ అమ్మాయికి రాయడం వచ్చు కాబట్టి తండ్రి కథ నిలిచింది.

ఒక మాట ఆలోచించండి. జెడ్ తప్పు చేయలేదు. కూలి పోతుందని భయపడిన పనివాళ్ళ బాధ కూడా అబద్ధం కాదు. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ ఈ చిక్కు వస్తూనే ఉంది. వరికోత యంత్రం మన పొలాల్లోకి వచ్చినప్పుడు కోత కూలీలకు వచ్చిన చిక్కు కూడా ఇదే.

కాగితం మూస ఎట్లా చేసేవారు

సున్నపు మూస పెళుసు. ఒకసారి పోతపోస్తే పగిలిపోతుంది. వంగదు. 1829లో ఫ్రాన్సు దేశంలో లియోన్ పట్నానికి చెందిన క్లోడ్ జెనూ కాగితంతో మూస చేసే పద్ధతికి హక్కు పొందాడు. అక్కడినుంచి దారి దొరికింది.

ఆ పద్ధతి చెబుతాను. మీకు ఇట్టే అర్థమవుతుంది.

ముందు జిగురు ఉడికించేవారు. పిండి, గంజి, బంక, సుద్దపొడి కలిపి ఉండలు కట్టకుండా కాచేవారు. ఉండ ఉంటే మూస మీద మచ్చ పడుతుంది. మందంగా ఉండే మెత్తటి కాగితాలు కొన్ని తీసుకుని, ఒకదాని మీద ఒకటి ఈ జిగురుతో అంటించేవారు. పైన పల్చటి కాగితాలు అంటించేవారు. అక్షరాన్ని తాకేది ఆ పల్చటి వైపే. అప్పుడే అక్షరం గీత గీతా స్పష్టంగా పడుతుంది.

ఈ తడి అట్టను పేర్చిన పేజీ మీద పరిచేవారు. పొడుగు పిడి ఉన్న గట్టి బ్రష్షుతో దాని మీద దబదబ కొట్టేవారు. కాగితం అక్షరాల సందుల్లోకి దిగేది. మరీ గట్టిగా కొడితే కాగితం చిరుగుతుంది. మెల్లగా కొడితే అక్షరం పడదు. చేతికి ఆ అలవాటు రావాలి. రొట్టె తట్టే చేతికి ఎంత బలం కావాలో ఎవరూ కొలిచి చెప్పలేరు. ఇదీ అంతే.

తరువాత దాన్ని వేడి పలకల మధ్య బిగించి ఆరబెట్టేవారు. ఆరాక తీస్తే అట్టలాంటి మూస చేతికి వచ్చేది. దాని మీద పేజీ మొత్తం గుంటలు గుంటలుగా ఉండేది. వేలితో తడిమితే అక్షరాలు తెలిసేవి. తరువాతి కాలంలో తడి లేని అట్టలు వచ్చాయి. వాటిని పెద్ద యంత్రంతో నొక్కితే చాలు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. పేర్చిన అక్షరం తిరగబడి ఉంటుంది. మూసలో అక్షరం సరిగ్గా ఉంటుంది. మూసలో పోసిన పలక మీద మళ్ళీ తిరగబడుతుంది. కాగితం మీద అచ్చు వేస్తే మళ్ళీ సరిగ్గా పడుతుంది. అంటే మూసను మీరు కూడా చదవగలరు. పలకను చదవాలంటే అద్దం కావాలి.

కాగితం కాలిపోదా?

మూసను వంపు తిరిగిన ఇనుప పెట్టెలో పెట్టేవారు. కాగితం కాబట్టి చక్కగా వంగేది. అందులో కరిగిన లోహం పోసేవారు. ఆ లోహంలో నూటికి ఎనభై పాళ్ళ దాకా సీసం ఉండేది. గట్టిదనం కోసం ఆంటిమొని అనే లోహం కలిపేవారు. సందుల్లోకి బాగా పారడానికి కొంచెం తగరం కలిపేవారు. ఇత్తడి గిన్నెలకు కళాయి పోస్తారే, ఆ తగరమే.

నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఈ లోహం వేడి 300 డిగ్రీల దాకా ఉండేది. మరి కాగితం కాలిపోదా? కాలదు. ఇనుప పెట్టె వేడిని లాగేస్తుంది. లోహం తొందరగా గడ్డకడుతుంది. కాగితం అంటుకునే లోపలే పని అయిపోతుంది.

వేడి సరిపోయిందా లేదా అని చూడడానికి పాతకాలం పనివాళ్ళు ఒక ఉపాయం చేసేవారు. కాగితం ముక్కను లోహంలో ముంచి తీసేవారు. కాగితం లేత గోధుమ రంగుకు మారితే వేడి సరిపోయినట్టు. నల్లబడితే ఎక్కువైనట్టు. మనం గారెల నూనెలో చిటికెడు పిండి వేసి చూడమూ? అదే తెలివి.

ఒక మూస, ఎన్నో పలకలు

కాగితం మూస ఒకసారి పోతపోస్తే పగిలిపోదు. మళ్ళీ మళ్ళీ పోయవచ్చు. ఒకే పేజీకి పది పలకలు కావాలంటే పది పోసుకోవచ్చు. పది యంత్రాలు ఒకేసారి నడుస్తాయి. తెల్లవారేసరికి లక్షల పేపర్లు సిద్ధం. అమెరికాలో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక 1861లో వంపు పలకలు వాడడం మొదలుపెట్టింది. లండన్ టైమ్స్ 1860ల చివర తెచ్చిన కొత్త యంత్రం గంటకు పది వేలకు పైగా పేపర్లు ఇచ్చింది. పేపరు ధర తగ్గింది. పేదవాళ్ళ చేతికి కూడా వచ్చింది.

ఇంకో సౌకర్యం ఉంది. సీసం పలక బరువు. ఎత్తాలంటే నడుము పట్టేస్తుంది. కాగితం మూస తేలిక. టపాలో పంపవచ్చు. అమెరికాలో బొమ్మల కథలు, ప్రకటనలు మూసల రూపంలో టపాలో ఊరూరికీ వెళ్ళేవి. చిన్న ఊరి పత్రికవాళ్ళు తమ దగ్గరే సీసం పోసుకుని అచ్చు వేసుకునేవారు.

పని అయ్యాక పలకలు కరిగించేవారు. నిన్నటి వార్త కరిగి ఇవాళ్టి వార్త అయ్యేది. పుస్తకాలవాళ్ళు మాత్రం మూసలు దాచుకునేవారు. మళ్ళీ అచ్చు వేయాలంటే అవే పనికివచ్చేవి.

తప్పు పడితే?

పేర్చేటప్పుడు తప్పు పడితే అక్షరం మార్చవచ్చు. మూస తీశాక తప్పు కనిపిస్తే మార్చడం చాలా కష్టం. పలక మీద ఉలితో ఆ మాట చెక్కేయాలి. అక్కడ ఖాళీ మిగులుతుంది. లేదంటే మళ్ళీ మొదటికి రావాలి. ఎవరూ చూడకపోతే ఆ ఒక్క తప్పు లక్ష పేపర్లలో పడుతుంది.

అందుకే మూస తీయకముందు చదివి దిద్దేవాళ్ళు ఉండేవారు. ఈ పాఠం మనకూ ఉంది. సంతకం పెట్టకముందు కాగితం చదవాలి. అప్పు కాగితం కావచ్చు, పొలం కాగితం కావచ్చు, సంఘం పుస్తకం కావచ్చు. పెట్టిన తరువాత దిద్దడం ఉలితో చెక్కినంత కష్టం.

సీసం చేసిన చెరుపు

ఇంత మేలు చేసిన సీసం పనివాళ్ళకు కీడు కూడా చేసింది. సీసం విషం. కరిగించేటప్పుడు పైకి తేలే తెట్టులో, దుమ్ములో సీసం ఉంటుంది. ఆ దుమ్ము చేతులకు అంటుతుంది. ఆ చేతులతో అన్నం తింటే కడుపులోకి పోతుంది. కడుపులో మెలిపెట్టే నొప్పి, రక్తం తగ్గిపోవడం, మణికట్టు వాలిపోవడం వచ్చేవి. పాలు తాగితే విషం పోతుందని పనివాళ్ళు నమ్మేవారు. అది నిజం కాదు. చేతులు కడుక్కోవడం, గాలి ఆడేట్టు చూడడం, దుమ్ము లేవకుండా చూడడం, ఇవే కాపాడేవి.

సీసం ఎవరికీ మంచిది కాదు. గర్భిణికీ, చిన్నపిల్లలకూ మరీ చెడ్డది. పిల్లల బుద్ధి ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత సీసం అయితే ఫరవాలేదు అని చెప్పే కొలత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అచ్చు ఆఫీసుల్లో సీసం పోయింది. కాని పాత బ్యాటరీలు పగలగొట్టి, పొయ్యి మీద సీసం కరిగించే పని ఇంకా కొన్నిచోట్ల జరుగుతోంది. ఇంటి దగ్గర ఆ పని చేయనివ్వకండి. పిల్లలను ఆ ఛాయలకు పోనివ్వకండి.

పేపరు గురించి ఇంకో జాగ్రత్త. వేడి వేడి బజ్జీలు పేపరులో పెట్టుకుని తినవద్దు. సిరాలోని రసాయనాలు నూనెతో కలిసి తిండిలోకి వస్తాయి. మన దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ 2016లోనూ, మళ్ళీ 2023లోనూ ఈ మాట చెప్పింది. అచ్చు ఉన్న కాగితం గుజ్జును కూడా తిండి పెట్టే బుట్టలకు మెత్తవద్దు.

అచ్చు పనిలో ఆడవాళ్ళు

అచ్చు పని చాలాకాలం మగవాళ్ళ పని అనే అన్నారు. 1860లో లండన్‌లో ఎమిలీ ఫెయిత్‌ఫుల్ అనే ఆవిడ విక్టోరియా ప్రెస్ పెట్టింది. అక్షరాలు పేర్చే పని ఆడవాళ్ళకు నేర్పి, వాళ్ళకు పని ఇచ్చింది.

జెడ్ ఊరు ఎడింబరోలో ఇంకో కథ జరిగింది. 1872లో అక్కడ అచ్చు పనివాళ్ళు సమ్మె చేశారు. యజమానులు ఆడవాళ్ళను పనిలోకి తీసుకున్నారు. ఆడవాళ్ళు చక్కగా నేర్చుకున్నారు. అయితే వాళ్ళకు కూలి తక్కువ ఇచ్చారు. తక్కువ కూలికి ఆడవాళ్ళు వస్తే తమ పని పోతుందని మగవాళ్ళు గొడవ చేశారు. 1910లో ఒప్పందం జరిగింది. కొత్తగా ఆడవాళ్ళను ఆ పనిలో చేర్చుకోవడం ఆపేశారు.

తక్కువ కూలి ఇచ్చింది యజమాని. పని దారి మూసుకుపోయింది ఆడవాళ్ళకు. ఇద్దరికీ సమానమైన కూలి ఇస్తే ఆ గొడవకు తావెక్కడిది? నాట్లకు వెళ్ళేవాళ్ళు మీలో ఉన్నారు. ఈ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

మూస పోయింది

తరువాత ఫొటో తీసి అచ్చు వేసే పద్ధతి వచ్చింది. పల్చటి రేకు మీద పేజీ బొమ్మ దించుతారు. సీసం అక్కరలేదు, మూస అక్కరలేదు. తరువాత కంప్యూటరు వచ్చింది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 1978 జూలై 2న చివరిసారిగా కరిగించిన సీసంతో తయారైంది.

లండన్‌లో మార్పు గొడవతో వచ్చింది. 1986 జనవరిలో టైమ్స్, సన్ మొదలైన పత్రికల యజమాని రూపర్ట్ మర్డాక్ పనిని వాపింగ్ అనే చోటికి మార్చాడు. అక్కడ కొత్త పద్ధతి పెట్టాడు. సమ్మె చేసిన సుమారు 5,500 మందికి పని పోయింది. వాళ్ళు ఏడాది పాటు పోరాడారు. పని తిరిగి రాలేదు. జెడ్ నాటి భయం 260 ఏళ్ళ తరువాత ఇట్లా నిజమైంది.

సీసం పోవడం ఒంటికి మేలు. పని పోవడం ఇంటికి కీడు. యంత్రం మారేటప్పుడు పనివాళ్ళకు కొత్త పని నేర్పాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టాలి అన్నది ఇప్పటికీ తేలని ప్రశ్న.

మూస మాటలు

చివరగా ఒక్క మాట. ఇట్లా పోతపోసిన పలకను ఇంగ్లీషులో స్టీరియోటైప్ అంటారు. 1922లో వాల్టర్ లిప్‌మన్ అనే అమెరికా పత్రికా రచయిత ఒక పుస్తకం రాశాడు. మనుషుల గురించి మన తలలో ముందే పోతపోసి పెట్టుకున్న అభిప్రాయాలకు ఆయన ఈ మాటే వాడాడు. అప్పటినుంచి ఆ అర్థం బాగా వాడుకలోకి వచ్చింది. మనమూ "మూసలో పోసినట్టు ఉన్నారు" అంటాం కదా.

"ఆడవాళ్ళకు లెక్కలు రావు." "ఈ వయసులో చదువు ఏమిటి?" "కూలికి పోయేదానికి పేపరు ఎందుకు?" ఇవన్నీ మూస మాటలే. ఎవరో ఎప్పుడో పోసిన పలక. తరతరాలుగా దాని మీదే అచ్చు వేస్తున్నారు. తప్పు మూసలోనే ఉంది. అందుకే ఎన్ని కాపీలు తీసినా అదే తప్పు పడుతోంది.

సీసం పలకను అచ్చు ఆఫీసువాళ్ళు ఏ రోజుకారోజు కరిగించేవారు. మీరు పలక పట్టి "అ ఆ"లు దిద్దిన రోజున ఇట్లాంటి ఒక పలకను కరిగించారు. ఇంకా చాలా ఉన్నాయి. మీ కూతుళ్ళ వంతుకు అవి మిగలకుండా చూడండి.

రేపు పేపరు చేతికి వచ్చినప్పుడు గట్టిగా చదవండి. చదవడం రానివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి. వార్త బాగుంటే బాగుంది అనండి. తప్పుంటే తప్పు అని చెప్పండి. పత్రికకు కార్డు ముక్క రాయండి. అచ్చులో వచ్చినంత మాత్రాన ప్రతిదీ నిజం కాదు.

సెలవు.

ఆలోచించి చెప్పండి

1. సున్నపు మూస కంటే కాగితం మూస ఎందుకు మేలు?
2. మూస మీద అక్షరం సరిగ్గా ఉంటుందా, తిరగబడి ఉంటుందా? పలక మీద ఎట్లా ఉంటుంది?
3. మీ ఊరికి కొత్త యంత్రం వచ్చినప్పుడు ఎవరి పని పోయింది? ఎవరికి మేలు జరిగింది?
4. మీరు విన్న మూస మాటలు మూడు రాయండి. వాటికి మీ జవాబు కూడా రాయండి.